పాట అయ్యేసరికి మనిషి ఎక్కడున్నాడు?



మాస్టారి పేరున జరిగే ఉపన్యాసంలో అమెరికా సంగీత నాటకాల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాదనలేదు. వారికి కృతజ్ఞుణ్ణి. ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానో ముందు చెప్పాలి.

మాస్టారు పద్యనాటకాలకు హార్మోనియం వాయించారు. స్టేజీ పక్కన కూర్చుని కాళ్లతో తిత్తి తొక్కుతూ, నటుడి గొంతు ఎటు వెళ్తే అటు వేళ్లు పరుగెత్తించేవారు. రాయబారం సీనులో పద్యం ముగియగానే జనం ‘వన్స్‌మోర్’ అని కేకలు పెడితే నటుడు అదే పద్యం మళ్లీ ఎత్తుకునేవాడు. ఆ సంప్రదాయమంటే మాస్టారికి ప్రాణం. ఆ ప్రేమతోనే ఒకసారి నాతో ఒక మాట అన్నారు. పద్యం రెండోసారి పాడగలుగుతున్నామంటే ఆ పద్యం వల్ల కథ కదల్లేదన్నమాట, కదిలి ఉంటే వెనక్కి ఎలా వస్తాం అని. పాట ఎత్తుకున్నప్పుడు మనిషి ఎక్కడున్నాడో, పాట అయ్యేసరికి ఎక్కడున్నాడో చూసుకోవడం నేర్చుకో అని. పద్యాన్ని తక్కువ చేయడానికి ఆయన ఆ మాట అనలేదు. రాగం విస్తరించే చోట కథ ఆగడంలో ఒక సుఖముంది, అదీ ఆయనకు తెలుసు. పాటకు చేతనైన మరో పని కూడా ఉందని ఆయన ఉద్దేశం.

ఆ ప్రశ్నకు జవాబు నాకు న్యూజెర్సీలో, ఒక హైస్కూలు ఆడిటోరియంలో దొరికింది. మా మనవరాలు చదివే బడిలో పిల్లలు ‘ఒక్లహోమా’ వేశారు. తనది ఎల్లర్ అత్త పాత్ర. తెర లేవగానే స్టేజీ మీద గుంపు లేదు, నాట్యం లేదు. ఒక పెద్దావిడ ఒంటరిగా కూర్చుని చల్ల చిలుకుతూ ఉంటుంది. వాళ్ల కవ్వం మనలా తాడుతో తిరిగేది కాదు, పొడవాటి కర్రను కుండలో పైకీ కిందికీ పోటు వేయాలి. మా ఆవిడ వారం రోజులపాటు మనవరాలికి వెన్న చిలికే మనిషి భుజం ఎలా ఉంటుందో, చెయ్యి ఎప్పుడు అలుస్తుందో చూపించింది. నాటకం రోజున ఆ పిల్ల అలా చిలుకుతూ ఉంటే, తెర వెనక ఎక్కడో దూరంగా ఒక కుర్రాడి గొంతు వినిపించింది. వాద్యాల తోడు లేకుండా, పొద్దున్నే పొలం గట్టున నడిచేవాడు తనకోసం తాను పాడుకున్నట్టు. రోజు బాగుందని, పైరు ఎదిగిందని పాడుతున్నాడు. అంతే. నాకు ఒళ్లు జలదరించింది. ఇంటికొచ్చాక ఆ నాటకం పుట్టుక గురించి చదవడం మొదలుపెట్టాను, ఇప్పటికీ చదువుతూనే ఉన్నాను.

1943 మార్చి 31న న్యూయార్క్‌లోని సెయింట్ జేమ్స్ థియేటర్లో ఆ తెర మొదటిసారి లేచింది. సంగీతం రిచర్డ్ రాడ్జర్స్, మాటలూ పాటలూ రెండో ఆస్కార్ హామర్‌స్టైన్. అప్పటికి రాడ్జర్స్‌కు 40 ఏళ్లు, హామర్‌స్టైన్‌కు 47. ఇద్దరూ కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివినవాళ్లే, ఎన్నో ఏళ్లుగా ఒకరినొకరు ఎరిగినవాళ్లే. కానీ అంతవరకు చెరొక జట్టులో పనిచేశారు. ఇద్దరి తండ్రుల పేరూ విలియమే. తర్వాత సొంత సంగీత ప్రచురణ సంస్థ పెట్టుకున్నప్పుడు దానికి విలియమ్సన్ అని పేరు పెట్టడానికి కారణం అదే.

ఆనాటి బ్రాడ్‌వే సంగీత నాటకం ఎలా ఉండేదో తెలిస్తే తప్ప ఆ చల్ల చిలికే దృశ్యం విలువ తెలియదు. తెర లేవగానే వరసగా అమ్మాయిలు వచ్చి నాట్యం చేయాలి. హాస్యగాడికి ఒక చోటు, తారకు ఒక చోటు కేటాయించాలి. కథ ఈ చోట్లను కలిపే దారం. పాట బాగుంటే చాలు, అది ఈ నాటకంలో ఉన్నా మరో నాటకంలోకి మారినా ఎవరికీ పట్టేది కాదు. ఆ పాటలు తక్కువవి అనడం లేదు. గెర్ష్విన్ సోదరులు, కోల్ పోర్టర్, ఇర్వింగ్ బెర్లిన్ రాసినవి ఈనాటికీ ప్రపంచమంతా పాడుకుంటోంది. అవి నాటకం నుంచి విడిపోయి బతకగలిగిన పాటలు. నాటకాలే వాటి వెనక అంతగా మిగల్లేదు.

పద్ధతి మార్చే ప్రయత్నాలు అంతకుముందు జరగలేదా? జరిగాయి. 1927 డిసెంబరు 27న వచ్చిన ‘షో బోట్’ మిసిసిపీ నది మీద తిరిగే నాటకాల పడవ కథ. నల్లవారి చాకిరీని, వర్ణాంతర వివాహాన్ని నేరంగా చూసే చట్టాన్ని అది స్టేజీ మీదికి తెచ్చింది. జెరోమ్ కెర్న్ సంగీతానికి మాటలు రాసింది ఇదే హామర్‌స్టైన్. 1935లో ‘పోర్గీ అండ్ బెస్’, 1940లో రాడ్జర్స్, హార్ట్‌ల ‘పాల్ జోయీ’ ఉన్నాయి. కాబట్టి 1943లో అంతా శూన్యం నుంచి పుట్టిందని చెప్పే పుస్తకాలను నేను ఒప్పుకోను. ఒక్కొక్కటిగా మెరిసి ఆరిపోయిన దారిని నలుగురూ నడవక తప్పని బాటగా చేసింది మాత్రం ‘ఒక్లహోమా’యే.

రాడ్జర్స్ 1919 నుంచి లోరెంజ్ హార్ట్‌తో కలిసి పనిచేశాడు. ఇరవై నాలుగేళ్ల స్నేహం, వందల పాటలు. హార్ట్ అద్భుతమైన కవి. ప్రాసలో ప్రాస పొదిగి, నవ్వు వెనక నొప్పి దాచేవాడు. కానీ తాగుడు అతన్ని తినేసింది. రోజుల తరబడి కనిపించకుండా పోయేవాడు. లిన్ రిగ్స్ రాసిన ‘గ్రీన్ గ్రో ద లైలాక్స్’ అనే నాటకాన్ని సంగీత నాటకంగా మలచమని థియేటర్ గిల్డ్ అనే నాటక సంస్థ అడిగినప్పుడు హార్ట్ వద్దన్నాడు. ఆ గిల్డ్ అప్పటికే డబ్బు ఇబ్బందుల్లో ఉంది. రాడ్జర్స్ హామర్‌స్టైన్ దగ్గరికి వెళ్లాడు. హామర్‌స్టైన్ స్థితీ గొప్పగా లేదు. ‘షో బోట్’ తర్వాతి పదిహేనేళ్లలో మంచి పాటలు రాసినా, చివరి పదేళ్లలో నాటకం వెంట నాటకం పడిపోయింది. ఆయన పని అయిపోయిందని బ్రాడ్‌వే తేల్చేసింది.

ఇప్పుడు నేను ఎక్కువసేపు ఆగదలచుకున్న చోటుకు వచ్చాను.

హార్ట్‌తో పనిచేసినన్నాళ్లూ ఎక్కువగా బాణీ ముందు, మాట తర్వాత. హామర్‌స్టైన్ కూడా కెర్న్ దగ్గర బాణీకే రాశాడు. ఇద్దరూ కలిశాక ఆ వరస తిరగబడింది. మాట ముందు, బాణీ తర్వాత. వినడానికి ఇది ఆఫీసు పద్ధతిలో మార్పులా ఉంటుంది. మన సినిమా పాటల గదుల్లో కూర్చున్నవారికి అది ఎంత పెద్ద సంగతో చెప్పనక్కర్లేదు. ట్యూను ముందు వస్తే మాట దాని గుంటల్లో ఒదగాలి. మాట ముందు వస్తే, ఈ పాత్ర ఈ క్షణాన ఏమనుకుంటుంది, ఎంతవరకు చెప్పగలుగుతుంది, ఎక్కడ మాట మింగేస్తుంది అన్న ప్రశ్నలకు జవాబు దొరికాకే సంగీతం మొదలవుతుంది. అంత గొప్ప స్వరకర్త తానుగా ఒక అడుగు వెనక్కి వేసి, ముందు నువ్వు రాయి, నేను నీ వెనక వస్తాను అనడం నా దృష్టిలో ఈ చరిత్రకే మలుపు. బాణీలు నీళ్లలా వచ్చే మనిషి ఆ మాట అనడానికి ఎంత నిగ్రహం కావాలో ఆలోచించండి.

హామర్‌స్టైన్ పెన్సిల్వేనియాలో డాయ్ల్స్‌టౌన్ దగ్గరి పొలంలో ఉండేవాడు. ఎత్తైన బల్ల ముందు నిలబడి రాసేవాడు. నాటకంలోని మొదటి పాటకు ఆయనకు మూడు వారాలు పట్టిందని, రాడ్జర్స్ పది నిమిషాల్లో బాణీ కట్టాడని చెబుతారు. ఈ ముచ్చటను రాడ్జర్స్ మెరుపువేగానికి గుర్తుగా చెప్పుకుంటారు. నాకు అందులో మరొకటి కనిపిస్తుంది. ఆ మూడు వారాల్లో మాట ఎంత చక్కగా కుదిరిందంటే, నడక అందులోనే ఉంది, స్వరం దాన్ని గుర్తుపట్టిందంతే. ఆ పాటలోని పొద్దుటి పూట వర్ణనకు బీజం రిగ్స్ తన నాటకం మొదట్లో రాసుకున్న రంగ సూచనలో ఉంది. చదువుకోవడానికే తప్ప ప్రేక్షకుడికి వినిపించని ఆ వచనం పోకూడదని హామర్‌స్టైన్ దాన్ని పాట చేశాడు. మొక్కజొన్న ఎంత ఎత్తుందో చెప్పడానికి మొదట గుర్రం కన్ను కొలతగా అనుకున్నాడట. పొరుగు పొలానికి నడిచి వెళ్లి చూస్తే పైరు అంతకంటే ఎత్తుంది. అప్పుడు ఏనుగు కన్ను అని మార్చాడు. కవి సమయానికి వదిలేయగలిగిన చోట పొలంలోకి వెళ్లి కొలిచి వచ్చిన మనిషి ఆయన.

మరో చిన్న సంగతి చెప్పాలి, మన భాషవాళ్లకు ఇది ప్రత్యేకంగా తెలియాలి. ఇద్దరూ తర్వాత చేసిన ‘కరౌసెల్’ నాటకంలోని ఒక పాట తనకిష్టమైనా జనంలోకి అంతగా వెళ్లలేదని హామర్‌స్టైన్ బాధపడ్డాడు. కారణం తానే వెతుక్కున్నాడు. ఆ పాటలో చివరి మాట ‘క్’ అనే హల్లుతో ముగుస్తుంది. పాడేవారికి నోరు తెరిచి స్వరం సాగదీసే వీలు లేదు, గొంతు తలుపు వేసినట్టు మూసుకుంటుంది. చప్పట్లు రావలసిన చోట పాట తెగిపోయింది. ఆ తప్పు తనదేనని తన పుస్తకంలో రాసుకున్నాడు. మనది అజంత భాష. మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి ఆ బెంగ తెలుగు కవికి పెద్దగా లేదు. మనకు పుట్టుకతో వచ్చిన సౌకర్యం కోసం ఆయన ఇంగ్లిష్‌లో మాట మాటకూ వెతుక్కున్నాడు.

‘ఒక్లహోమా’ ఇద్దరి పనే కాదు. దర్శకుడు రూబెన్ మమూలియన్, నాట్యం కూర్చిన ఆగ్నెస్ డి మిల్, వాద్యవృందానికి స్వరాలు పంచిన రాబర్ట్ రసెల్ బెన్నెట్ లేకపోతే అది ఆ రూపంలో ఉండేది కాదు. మొదటి అంకం చివర లారీ అనే అమ్మాయికి వచ్చే కలను డి మిల్ పూర్తిగా నాట్యంలో చెప్పింది. పైకి చెప్పుకోలేని భయం కాళ్లలోకి దిగింది. న్యూ హేవెన్, బోస్టన్‌లలో ప్రయోగాత్మకంగా ఆడించినప్పుడు నాటకానికి వేరే పేరుండేది. అందమైన కాళ్లూ హాస్యమూ లేని ఈ నాటకం నిలవదని చూసొచ్చినవారు అన్నారు. అది 2,212 ప్రదర్శనలు ఆడింది. యుద్ధానికి ఓడ ఎక్కబోయే సైనికులు వెనక నిలబడి చూశారు. అదే ఏడాది డెక్కా సంస్థ ఆ నటులతోనే, ఆ వాద్యవృందంతోనే పాటలను రికార్డుల సంపుటంగా తెచ్చింది. న్యూయార్క్ ఎప్పటికీ చూడని కుటుంబాలు నాటకాన్ని ఇంట్లో కూర్చుని వరసలో విన్నాయి. పాటలు విడివిడిగా కాక, ఒక కథ పాటలుగా ఇంట్లోకి రావడం ఈ నాటకంతోనే ఊపందుకుంది.

మొదటి రోజు రాత్రి హార్ట్ ప్రేక్షకుల్లో ఉన్నాడు. తాను వద్దన్న నాటకానికి మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టాడని అక్కడున్నవారు చెప్పారు. ఆ నవంబరు 22న న్యుమోనియాతో 48వ ఏట చనిపోయాడు. కొత్త జంట విజయం గురించి మాట్లాడే ప్రతిచోటా ఆ మనిషికి ఒక్క నిమిషం ఇవ్వాలని నా నియమం.

హామర్‌స్టైన్ ఆ విజయాన్ని ఎలా తీసుకున్నాడో చూడండి. నాటకరంగ పత్రిక ‘వెరైటీ’లో ఒక ప్రకటన వేయించాడు. అందులో తన గత నాటకాల్లో ఘోరంగా పోయిన ఐదింటి పేర్లు, ఏది ఎన్ని వారాలు ఆడిందో వరసగా ఇచ్చాడు. ఇలాంటివి ముందూ చేశాను, మళ్లీ చేయగలను అన్న అర్థంలో కింద ఒక వాక్యం.

1945 ఏప్రిల్ 19న ‘కరౌసెల్’ వచ్చింది. హంగరీ రచయిత ఫెరెంక్ మోల్నార్ 1909లో రాసిన ‘లిలియోమ్’ దానికి మూలం. బుడాపెస్ట్ తిరునాళ్లలో రంగులరాట్నం దగ్గర జనాన్ని పిలిచే కుర్రాడి కథ. దాన్ని న్యూ ఆర్లియన్స్‌కు మార్చాలని ఆలోచించి, అక్కడి యాస తమకు పట్టుబడదని మానుకుని, చివరికి మెయిన్ రాష్ట్రపు సముద్రతీరానికి తెచ్చారు. రంగులరాట్నం బిల్లీ, మిల్లులో పనిచేసే జూలీ మొదటిసారి మాట్లాడుకునే బల్ల దృశ్యం ఉంది చూడండి, అమెరికా రంగస్థలం మీద అంతకంటే గొప్ప పది పన్నెండు నిమిషాలు నాకు తెలియవు. ఇద్దరూ ప్రేమలో పడ్డారు, ఇద్దరిలో ఎవరికీ ఒప్పుకునే ధైర్యం లేదు. అందుకే ప్రేమిస్తున్నానని పాడరు, ఒకవేళ ప్రేమిస్తే ఎలా ఉంటుందో పాడతారు. మాట పాటవుతుంది, పాట ఆగి మాటవుతుంది, మళ్లీ పాట. అతుకు ఎక్కడో కనిపించదు.

తర్వాత బిల్లీ ఒక్కడే పాడే పాట. దాదాపు ఏడెనిమిది నిమిషాలు. భార్య గర్భవతి అని అప్పుడే తెలిసింది. కొడుకు పుడతాడని మొదలుపెడతాడు. వాడు ఎంత బలవంతుడవుతాడో, ఏమేం చేస్తాడో, ఛాతీ విరుచుకుని ఊహిస్తాడు. సంగీతమూ అలాగే విరగబడి నడుస్తుంది. మధ్యలో చటుక్కున ఆగుతాడు. కూతురైతే? స్వరం మెత్తబడుతుంది. కొడుకైతే తోడుగా ఆడుకోవచ్చు, ఆడపిల్లకు తండ్రి కావాలి. తండ్రి దగ్గర ఏముంది? ఉద్యోగం లేదు, చేతిలో చిల్లిగవ్వ లేదు. భయం మొదలవుతుంది. భయం తెగింపు అవుతుంది. దొంగతనం చేసైనా, ప్రాణం పోయినా డబ్బు తెస్తాననడంతో పాట ముగుస్తుంది. ఆ తర్వాతి సంఘటనల్లో నిజంగానే దొంగతనానికి వెళ్లి చనిపోతాడు. మాస్టారు అడిగిన ప్రశ్న వేసి చూడండి. పాట ఎత్తుకున్నప్పుడు మురిసిపోతున్న తండ్రి, ముగిసేసరికి దొంగ. ఆ మధ్య జరిగిన ప్రయాణమంతా పాటలోనే జరిగింది. ఆ పాటను తీసేస్తే నాటకం కూలిపోతుంది. వేరే నాటకంలో పెట్టడానికీ కుదరదు. ‘వన్స్‌మోర్’ అంటే ఆ నటుడు ఏం చేయగలడు?

ఇదే నాటకంలో నాకు మింగుడుపడనిది కూడా ఉంది. బిల్లీ భార్యను కొడతాడు. చివర్లో, కొట్టినా నొప్పి తెలియకపోవచ్చన్న అర్థం వచ్చే మాటను రచయిత తల్లీకూతుళ్ల నోట పెట్టాడు. మూలంలోనూ అది ఉంది, కాలం అలాంటిది అని సర్దిచెప్పేవారున్నారు. నేను సర్దుకోలేను. అంత సున్నితంగా మనసును చదివిన కవి అక్కడ తడబడ్డాడు. ఇవాళ ఆ నాటకం వేసే దర్శకులు ఆ మాటతో కుస్తీ పడుతూనే ఉన్నారు, పడాలి కూడా.

‘ఒక్లహోమా’ మీదా ఒక మాట ఉంది. మూల రచయిత లిన్ రిగ్స్ చెరోకీ తెగ రక్తం ఉన్నవాడు. ఆ కథ జరిగిన నేల ఆదివాసుల ప్రాంతంగా పిలవబడింది, 1907లో ఒక్లహోమా రాష్ట్రంలో కలిసింది. నాటకంలో రైతులూ పశువుల కాపర్లూ పొలం కంచెల గురించి పోట్లాడుకుని రాజీపడతారు. ఆ నేల ఎవరి దగ్గర నుంచి వచ్చిందో ఎవరూ మాట్లాడరు. 1953లో ఆ నాటకం పేరు పాటే ఆ రాష్ట్రగీతమైంది. అంత అందమైన ఉదయంలో ఆ మౌనం నాకు వినిపిస్తూనే ఉంటుంది.

మౌనం వద్దనుకున్న చోట వాళ్లు ఎంత గట్టిగా నిలబడ్డారో ‘సౌత్ పసిఫిక్’ చెబుతుంది. 1949 ఏప్రిల్ 7న వచ్చింది. జేమ్స్ మిచెనర్ యుద్ధకాలపు కథలు దానికి ఆధారం, జాషువా లోగన్ సహ రచయిత, దర్శకుడు. నర్సు నెల్లీ ఒక ఫ్రెంచి తోట యజమానిని ప్రేమిస్తుంది. అతనికి పాలినీసియన్ భార్య వల్ల పుట్టిన పిల్లలున్నారని తెలిసి వెనకడుగు వేస్తుంది. అంత మంచి పిల్లకు ఈ ఏవగింపు ఎక్కడిది? అదే నాటకంలో లెఫ్టినెంట్ కేబుల్ అనే కుర్రాడు రెండు నిమిషాలైనా పట్టని పాటలో జవాబు చెబుతాడు. జాతి ద్వేషం పుట్టుకతో రాదు, పెద్దలు పసితనంలో శ్రద్ధగా నూరిపోస్తారు అని. బాణీ చూస్తే పిల్లల పాటలా గుండ్రంగా, తేలిగ్గా తిరుగుతుంది. ఒజ్జబంతి పాఠాన్ని గుర్తుచేసే ఆ తేలికదనంలోనే రాడ్జర్స్ ప్రతిభ ఉంది. పాట తీసేయమని సలహాలు వచ్చాయి. తీయలేదు. 1953లో నాటకం అట్లాంటాలో ఆడినప్పుడు జార్జియా శాసనసభ్యులు కొందరు అది కమ్యూనిస్టు భావజాలమని గగ్గోలు పెట్టి, ఇలాంటి ప్రదర్శనలను నిషేధించే బిల్లు తెచ్చే ప్రయత్నం చేశారు. అప్పుడూ తీయలేదు. ఆ నెల్లీది ఆర్కన్సాలోని లిటిల్ రాక్ ఊరు. నాటకం వచ్చిన ఎనిమిదేళ్లకు, 1957లో, తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులు బడిలో అడుగుపెట్టడానికి సైన్యం రావలసి వచ్చింది కూడా ఆ ఊళ్లోనే. ఇది హామర్‌స్టైన్‌కు స్టేజీ వరకే పరిమితమైన నమ్మకం కాదు. ఆసియా, అమెరికా సంతతి అనాథ పిల్లలకు ఇళ్లు చూపడానికి పెర్ల్ బక్ స్థాపించిన వెల్కమ్ హౌస్‌కు ఆయన అండగా పనిచేశాడు.

‘సౌత్ పసిఫిక్’కు 1950లో నాటక విభాగపు పులిట్జర్ బహుమతి వచ్చింది. 1932లో ‘ఆఫ్ దీ ఐ సింగ్’కు ఆ బహుమతి ఇచ్చినప్పుడు సంభాషణల రచయితలకూ పాటల రచయిత ఐరా గెర్ష్విన్‌కూ ఇచ్చి, సంగీతం సాహిత్యం కాదని జార్జ్ గెర్ష్విన్‌ను వదిలేశారు. 1950లో రాడ్జర్స్ పేరు కలిసింది. బాణీ కట్టినవాడు కూడా నాటకం రాసినవాడేనని ఒప్పుకోవడానికి 18 ఏళ్లు పట్టింది.

1951 మార్చి 29న ‘ద కింగ్ అండ్ ఐ’. సయాం రాజు పిల్లలకు చదువు చెప్పడానికి వెళ్లిన ఆనా లియొనోవెన్స్ కథ. ఆమె తాను వేల్స్‌లో పుట్టానని చెప్పుకుంది. నిజానికి 1831లో మన దేశంలోనే, అహ్మద్‌నగర్‌లో పుట్టింది. రాజును పెద్దపిల్లాడిలా చూపిన తీరు థాయిలాండ్ ప్రజలను నొప్పించింది, ఆ నొప్పి న్యాయమైనదే. కానీ ఈ నాటకం దగ్గర నేను చెప్పదలచింది వేరే. ఆనా తన చనిపోయిన భర్తను తలచుకుంటూ ప్రేమలో ఉన్న చిన్నవాళ్లను దీవించే పాట ఒకటుంది. దానికోసం హామర్‌స్టైన్ వారాల తరబడి కష్టపడ్డాడు. రాసి రాడ్జర్స్‌కు పంపి ఫోను కోసం ఎదురుచూశాడు. రోజులు గడిచాయి. చివరికి రాడ్జర్స్ వేరే పని మీద ఫోను చేసి, మాటల మధ్యలో, ఆ పాట బాగానే కుదిరింది అని మాత్రం అన్నాడట. హామర్‌స్టైన్ ఆ బాధను లోగన్ దగ్గర వెళ్లబోసుకున్నాడు. లోగన్ చెప్పాకే లోకానికి తెలిసింది. పదిహేడేళ్లు పక్కపక్కన పనిచేసిన ఇద్దరు మనసు విప్పి మాట్లాడుకున్నవాళ్లు కారు. అయినా వాళ్ల పాటల్లో ఒకరి మాటను మరొకరు ఇంత లోతుగా ఎలా విన్నారు? నాకు తోచిన జవాబు ఒకటే. వాళ్లు ఒకరితో ఒకరు కాదు, పాత్రతో మాట్లాడుకున్నారు. ఆనా ఏమంటుందన్న దగ్గర ఇద్దరూ కలుసుకున్నారు.

‘అలెగ్రో’, ‘మీ అండ్ జూలియెట్’, ‘పైప్ డ్రీమ్’ అంతగా నిలవలేదు. బెర్నార్డ్ షా ‘పిగ్మాలియన్’ను సంగీత నాటకం చేయబోయి, వల్లకాదని వదిలేశారు. అదే ‘మై ఫెయిర్ లేడీ’గా 1956లో లెర్నర్, లోవ్ చేతుల్లో నిలబడింది, వీళ్లు వేసిన దారిలోనే. 1959 నవంబరు 16న వచ్చిన ‘ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ వీరి తొమ్మిదో, చివరి నాటకం. 1965 సినిమా ద్వారా అది మన ఇళ్లకూ చేరింది. గుల్జార్ హిందీ సినిమా ‘పరిచయ్’లో దాని ఛాయ కనిపిస్తుంది. నాటకంగా అది ‘కరౌసెల్’ దరిదాపుల్లోకి రాదని నా అభిప్రాయం. అయితే అందులో దేశం విడిచి వెళ్లబోయే తండ్రి ఒక కొండపూవును ఉద్దేశించి పాడే చిన్న పాటుంది. ఎందరో అది ఆస్ట్రియా జానపద గీతమనుకుంటారు. కాదు. బోస్టన్‌లో ప్రయోగాత్మక ప్రదర్శనలు నడుస్తుండగా, కడుపు క్యాన్సర్‌తో ఉన్న హామర్‌స్టైన్ రాశాడు. ఆయన రాసిన ఆఖరి పాట అది. 1960 ఆగస్టు 23న డాయ్ల్స్‌టౌన్ ఇంట్లో కన్నుమూశాడు. సెప్టెంబరు 1 రాత్రి టైమ్స్ స్క్వేర్‌లో ఒక నిమిషం పాటు దీపాలు ఆర్పారు. రాడ్జర్స్ ఆ తర్వాత పందొమ్మిదేళ్లు బతికాడు, వేరేవారితో రాశాడు, ఒక నాటకానికి పాటలు తానే రాసుకున్నాడు. ఆ స్థాయి మళ్లీ రాలేదు.

ఇక చివరి మాట గురుశిష్యులది, ఈ సభకు తగినది. డాయ్ల్స్‌టౌన్‌లో హామర్‌స్టైన్ ఇంటికి దగ్గర్లో తల్లిదండ్రులు విడిపోయిన ఒక కుర్రాడు ఉండేవాడు. హామర్‌స్టైన్ కొడుక్కి స్నేహితుడు, ఆ ఇంట్లోనే పెరిగినట్టు పెరిగాడు. పదిహేనేళ్ల వయసులో బడి కోసం ఒక సంగీత నాటకం రాసి, తెలిసినవాడిలా కాక తెలియని రచయిత పంపినట్టు చదవమని హామర్‌స్టైన్‌ను అడిగాడు. ఇంత చెత్త తాను చదవలేదన్నాడు హామర్‌స్టైన్. అని ఊరుకోలేదు. ప్రతిభ లేదనలేదు. ఒక మధ్యాహ్నమంతా కూర్చోబెట్టుకుని మొదటి పేజీ నుంచి ఏది ఎందుకు తప్పో వివరించాడు. తర్వాత నాలుగు అభ్యాసాలు ఇచ్చాడు. నీకు నచ్చిన మంచి నాటకాన్ని సంగీత నాటకం చెయ్యి. లోపాలున్న నాటకాన్ని తీసుకుని సరిచేస్తూ చెయ్యి. నాటకం కాని కథనో నవలనో తీసుకుని చెయ్యి. చివరిగా నీ సొంత కథతో చెయ్యి. ఆ కుర్రాడు స్టీఫెన్ సోండ్‌హైమ్. ‘వెస్ట్ సైడ్ స్టోరీ’కి పాటలు, ‘కంపెనీ’కి, ‘స్వీనీ టాడ్’కు సంగీతమూ సాహిత్యమూ ఇచ్చినవాడు. గురువు నమ్మకాల్లో సగాన్ని శిష్యుడు తలకిందులు చేశాడు. పాట మనిషిని ఒక చోటు నుంచి మరో చోటుకు తీసుకెళ్లాలన్న ఒక్కదాన్ని 2021లో కన్నుమూసేదాకా వదల్లేదు.

మాస్టారు నాకు అభ్యాసాలు ఇవ్వలేదు, ప్రశ్న ఒకటి ఇచ్చారు. ఇక్కడున్న యువ కవులను, సంగీతకారులను నేను ఒకటే కోరుతున్నాను. ఇంటికి వెళ్లాక ‘కరౌసెల్’లో బిల్లీ ఒంటరిగా పాడే ఆ పాటను దీపం తగ్గించుకుని ఒకసారి వినండి. భాష కొంత అందకపోయినా పరవాలేదు, కొడుకు నుంచి కూతురి మీదికి అతని ఆలోచన మళ్లే క్షణం మీకు తెలుస్తుంది. ఆ తర్వాత మీలో ఒక కవి, ఒక స్వరకర్త జట్టుకట్టండి. తెలుగులో ఒక మనిషిని ఎంచుకోండి, మాట ముందు రాయండి, బాణీ తర్వాత కట్టండి. వచ్చే ఏడాది మాస్టారి వర్ధంతికి ఇదే స్టేజీ మీద ఆ ఒక్క పాట వినిపించండి. మాస్టారి హార్మోనియం వారి అబ్బాయి దగ్గర ఇంకా పలుకుతోంది, ఆ రోజుకు తెచ్చి పెడతామన్నారు.

సెలవు.